డ్రైవర్‌మేనేజరా, హికారీనా, సర్వర్ డేటాసోర్సా: ఏది మేలు?

ఒంగోలు, కావలి కాలేజీల నుంచి మా నెల్లూరు ఆఫీసుకు ప్రాజెక్టు పనికి వచ్చే పిల్లలు ఏటా అడిగేది ఇదే: "సార్, జావాలో డేటాబేస్ కనెక్షన్ ఎలా తీసుకుంటే మంచిది?"

అడిగిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిచే డ్రైవర్‌మేనేజర్ ల్యాబ్ రికార్డుకీ, రాత్రిపూట ఒక్కసారి నడిచే చిన్న ప్రోగ్రాముకీ చాలు. పదిమంది వాడే అప్లికేషన్‌లో క్వెరీకో కొత్త కనెక్షన్ తెరవడం శుద్ధ దండగ. అక్కడ పూల్ కావాలి, అంటే తెరిచి ఉంచి అందరూ మార్చి మార్చి వాడుకునే కనెక్షన్ల గుంపు. సీ3పీఓ అనే పూల్ లైబ్రరీ పాత ప్రాజెక్టులో ఉంటే ఉండనివ్వండి, కొత్తగా తెచ్చిపెట్టుకోకండి.

అసలు తేల్చుకోవాల్సింది పూల్ ఎక్కడ ఉండాలని. అప్లికేషన్ లోపల హికారీ అనే పూల్ లైబ్రరీ పెట్టుకోవాలా, పూల్‌ని సర్వర్‌కి అప్పగించి (అదే సర్వర్ డేటాసోర్స్) జేఎన్‌డీఐ (సర్వర్‌లో నమోదైనవాటిని పేరుతో వెతికే జావా పద్ధతి) పేరుతో అడిగి తీసుకోవాలా? హికారీ వేగంలో గట్టిది. 2018లో వచ్చిన జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 2 దాన్నే డీఫాల్ట్‌గా తీసుకుంది. కాకపోతే మన బిల్లింగ్ స్క్రీన్ల మీద ఆ వేగం తేడా కంటికి ఆనదు. నేను చూసేది ఒక్కటే: మొత్తం ఎన్ని కనెక్షన్లు తెరుచుకుంటాయనే లెక్క ఎవరి చేతిలో ఉంది?

రొయ్యల మేత డీలరు సర్వర్ ఒకటి తీసుకోండి. ఒకే టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్), అందులో బిల్లింగ్, గోడౌన్ స్టాకు, రైతుల ఖాతాలు, జీఎస్టీ రిపోర్టులు అని నాలుగు వార్ ఫైళ్లు (ఒక్కో వార్ ఒక్కో అప్లికేషన్ ప్యాకేజీ). హికారీ డీఫాల్ట్ ఒక్కో వార్‌కి 10 కనెక్షన్లు. పైగా సెట్టింగ్ ముట్టుకోకపోతే ఆ పదీ ఖాళీగా ఉన్నా తెరిచే ఉంచుతుంది. అంటే 40. పట్టుబడి సీజన్లో స్క్రీన్ నెమ్మదించిందని ఎవరో ఒక్కోదాన్నీ 30 చేస్తారు, మొత్తం 120. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డీఫాల్ట్ హద్దు 100 కనెక్షన్లు, అదీ కనెక్షన్‌కో ప్రాసెస్. ఇక లాగ్‌లో "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" కనిపించడానికి ఎంతోసేపు పట్టదు.

అదే టామ్‌క్యాట్ గ్లోబల్ రిసోర్స్‌గా ఒక్క పూల్ పెట్టి, నాలుగు వార్‌లకీ రిసోర్స్‌లింక్ (ఆ పూల్‌ని వాడుకోనిచ్చే లింకు) ఇస్తే అందరికీ కలిపి ఒకటే అంకె. పాస్‌వర్డ్ కూడా వార్‌లోనూ గిట్‌లోనూ ఉండదు. అందుకే ఒకే మెషీన్ మీద నడిచే మన ఊరి క్లయింట్లకి నా ఓటు దీనికే.

దీని తలనొప్పులు దీనికీ ఉన్నాయి. ఒక వార్ కనెక్షన్ మూయడం మరిచిపోతూ ఉంటే మిగతా మూడూ ఆకలితో ఆగుతాయి. హికారీ అయితే 30 సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తుంది. టామ్‌క్యాట్‌తో వచ్చే డీబీసీపీ పూల్ మాత్రం మాక్స్‌వెయిట్ (ఎంతసేపు ఆగాలనే హద్దు) పెట్టకపోతే ఎంతసేపైనా అలా కాచుకుని కూర్చుంటుంది. మాక్స్‌టోటల్ (మొత్తం కనెక్షన్ల హద్దు) డీఫాల్ట్ కూడా ఎనిమిదే, పెంచుకోండి.

ఒక్కో సర్వీసూ ఒక్కో డాకర్ కంటైనర్‌లో (సర్వీసును విడిగా నడిపే పెట్టెలో) నడిచే చోట జేఎన్‌డీఐ పట్టుకుని వేలాడొద్దు, హికారీయే పెట్టండి. ఎన్ని కాపీలు నడుస్తాయో అన్ని పదులు లెక్క వేసుకుని ఆ 10ని తగ్గించండి.

సర్వర్ దారి పట్టేవాళ్లు డ్రైవర్ జార్‌ని (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ ఫైలు) వార్ లోపల కాదు, టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో వేయండి. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.