ఐదు సీసాల ఆహార పరీక్షల కిట్: మందులు మంచివే, సూచనల కాగితమే తిప్పలు పెడుతుంది

ల్యాబ్ సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే చిన్న పెట్టె ఇది. లోపల 30 మి.లీ. సీసాలు ఐదు: అయోడిన్, బెనెడిక్ట్ ద్రావణం (చక్కెరని పట్టే నీలి రాగి ద్రావణం), 2 శాతం కాపర్ సల్ఫేట్, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ (ఘాటైన క్షారం), సుడాన్ త్రీ (కొవ్వుకి పట్టే ఎర్ర రంగు). వాటితో పాటు ఆరు పరీక్షనాళికలు, ఒక హోల్డర్, ఒకే ఒక్క డ్రాపర్, ఒక సూచనల కాగితం. హైస్కూలు పిల్లలకైనా ఇంటర్ బైపీసీ వాళ్లకైనా పిండిపదార్థం, చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు వంటింటి సరుకులతోనే చూపించడానికి ఇది చాలు.

ముందు ఆ డ్రాపర్ సంగతి. సోడియం హైడ్రాక్సైడ్ తీసిన డ్రాపర్‌ని కడక్కుండా అయోడిన్ సీసాలో ముంచితే క్షారం తగిలి అయోడిన్ రంగు విరిగిపోతుంది. ఇలా రెండు మూడు సార్లు జరిగితే ఆ సీసా ఇక గంజిని కూడా పట్టదు. మరో నాలుగు డ్రాపర్లు కొని, ఒక్కోదానికి పేరు రాసిన కాగితం అతికించాకే సీసాల మూతలు తియ్యండి.

పెట్టెలో అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది అయోడిన్. చల్లారిన గంజి 2 మి.లీ. తీసుకుని రెండు చుక్కలు వేస్తే నల్లటి నీలం వస్తుంది. "ఆహారం మీద చుక్క వేయండి" అని మాత్రమే కాగితంలో ఉంది, చల్లారాలన్న మాట లేదు. పొగలు కక్కే గంజిలో వేస్తే రంగు రాదు, పిల్లలేమో పిండి లేదని రాసేస్తారు. పిండిపదార్థంలోని అమైలోజ్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, అయోడిన్ ఆ చుట్టల్లోకి దూరినప్పుడే నీలం. వేడికి ఆ చుట్టలు వదులై అయోడిన్ బయటకొస్తుంది. ఇది కళ్లతో చూడదగ్గ విషయం: నీలంగా ఉన్న నాళికని వేడినీళ్లలో పెడితే రంగు మెల్లగా మాయమవుతుంది. తర్వాత చల్లటి నీళ్ల గ్లాసులో సగం దాకా ముంచితే మునిగినంత మేరా నీలం తిరిగొస్తుంది. మరీ ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం అయోడిన్ ఆవిరైపోయి తిరిగి రాదు. నిమ్మకాయ పులిహోర మెతుకు మీద మొదటి చుక్క రంగు లేకుండా పోవడం కూడా మామూలే. నిమ్మరసంలోని విటమిన్ సి ముందు అయోడిన్‌ని తినేస్తుంది, మరికొన్ని చుక్కలు పడ్డాకే నీలం కనిపిస్తుంది.

బెనెడిక్ట్ దగ్గర కాగితం రెండు తప్పులు చేసింది. మొదటిది, నాళికని నేరుగా మంట మీద పెట్టమనడం. అలా పెడితే వేడి ద్రావణం ఒక్కసారిగా ఎగిరి మొహం మీద పడుతుంది. 2 మి.లీ. ద్రావణానికి నాలుగు చుక్కల నమూనా కలిపి, మరుగుతున్న నీళ్ల గిన్నెలో ఐదు నిమిషాలు నిలబెట్టడమే సరైన పద్ధతి. చక్కెర కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, బాగా ఉంటే ఇటుక ఎరుపు. రెండో తప్పు ఇంకా పెద్దది: "చక్కెర ఉంటే ఎర్రబడుతుంది" అని రాశారు. తేనె, బెల్లం పాకం ఎర్రబడతాయి. వంటింటి పంచదార కూడా చక్కెరే, అయినా ఎర్రబడదు. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ బెనెడిక్ట్‌లోని రాగిని మార్చగల చివర్లతోనే ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆ ముడి విప్పడానికి పంచదార నీళ్లలో మూడు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి ఐదు నిమిషాలు మరిగించాలి. ఆ తర్వాత పొంగు ఆగేదాకా వంటసోడా చిటికెడు చిటికెడుగా వేయాలి, ఎందుకంటే బెనెడిక్ట్ ఆమ్లంలో పనిచేయదు. ఆమ్లం పెట్టెలో లేదు కదా అని నిమ్మరసం వాడొద్దు. దానిలోనే కొంత గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి ఎరుపు ఎక్కడినుంచి వచ్చిందో తేలదు.

మాంసకృత్తులకి బైయూరెట్ పరీక్ష. ఒక వంతు కోడిగుడ్డు తెల్లసొనకి పది వంతుల నీళ్లు కలిపి, అందులో 2 మి.లీ. తీసుకుని, అంతే సోడియం హైడ్రాక్సైడ్ పోసి కదపాలి. కాపర్ సల్ఫేట్ ఆఖర్న, రెండే చుక్కలు. కాగితం పది చుక్కలంటోంది. అంత వేస్తే నీలం ముద్ద పేరుకుని అసలు ఊదారంగుని కప్పేస్తుంది. శాకాహారులు నానబెట్టి రుబ్బి వడకట్టిన కందిపప్పు నీళ్లు వాడొచ్చు, ఊదా కాస్త లేతగా వస్తుంది. ఈ క్షారం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లల కోసం అమ్మే పెట్టెలో రక్షణ కళ్లద్దాలు లేకపోవడం క్షమించదగ్గ లోపం కాదు.

సుడాన్ త్రీ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. నూనె పొర ఎర్రగా పైకి తేలుతుంది. వేరుశనగపప్పు కాగితం మీద నలిపి వెలుతురుకి పట్టినా కొవ్వు మరక అంతే బాగా తెలుస్తుంది.

పెట్టె మీద "జీవాణువులు" (పిండిపదార్థం, మాంసకృత్తుల లాంటి, ప్రాణుల్లో ఉండే అణువులు) అని ఉంది కానీ వాటిని కట్టిన మూలకాల ఊసే లోపల లేదు. మన శరీరం బరువులో ఆక్సిజన్ సుమారు 65, కార్బన్ 18, హైడ్రోజన్ 10, నైట్రోజన్ 3 శాతం. వీటిలో కొన్నింటి జాడ ఇదే సామానుతో చూపించొచ్చు. పొడి నాళికలో అర చెంచా పంచదార వేసి వేడి చేస్తే మూతి దగ్గర నీటి బిందువులు పడతాయి (హైడ్రోజన్, ఆక్సిజన్), అడుగున నల్లటి బొగ్గు మిగులుతుంది (కార్బన్). నైట్రోజన్‌కి పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం చాలు. నీళ్లు కలపని తెల్లసొనలో సోడియం హైడ్రాక్సైడ్ వేసి, నాళికని మరిగే నీళ్లలో పెట్టి, తడిపిన పసుపు కాగితాన్ని మూతికి తగలకుండా పైన పట్టుకోండి. మాంసకృత్తుల్లోని నైట్రోజన్ అమ్మోనియా వాయువుగా బయటకొస్తుంది, అది తగిలితే కాగితం ఎర్రబడుతుంది. గాలికి ఆరబెడితే అమ్మోనియా పోయి మళ్లీ పసుపుపచ్చకి వస్తుంది. ఎరుపు అలాగే నిలిచిపోతే క్షారపు తుంపర పడిందని అర్థం, పరీక్ష మళ్లీ చేయాలి.

కొనేటప్పుడు అయోడిన్ ముదురు గోధుమరంగులో, వెలుతురు చొరని సీసాలో ఉందో లేదో చూడండి. లేత పసుపులో ఉంటే తీసుకోవద్దు. త్వరగా అయిపోయే వాటిలో బెనెడిక్ట్ ఒకటి. పరీక్షకి 2 మి.లీ. చొప్పున 15 సార్లకే సీసా ఖాళీ. బడి ల్యాబ్‌లో అయితే లీటరుకి కాపర్ సల్ఫేట్ 17.3 గ్రాములు, సోడియం సిట్రేట్ 173 గ్రాములు, నీరులేని సోడియం కార్బనేట్ 100 గ్రాముల లెక్కన తయారుచేసుకోవచ్చు. సిట్రేట్, కార్బనేట్ ముందు వేడినీళ్లలో కరగాలి. కాపర్ సల్ఫేట్‌ని విడిగా కరిగించి, కలుపుతూ సన్నటి ధారగా పోయాలి. తొందరపడి ఒక్కసారిగా పోస్తే రాగి ముద్దకట్టి అడుగుకి దిగుతుంది.