సారనాథ్‌లో ఒక రాత్రి

కాశీ వెళ్లిన మనవాళ్లు సారనాథ్‌ని పూటలో కానిచ్చేస్తారు. ఉన్నది పది కిలోమీటర్ల దూరమే కాబట్టి ఆటో దిగి, స్తూపం ముందు ఫోటో తీసుకుని, మళ్లీ ఆటో ఎక్కేస్తారు. మొన్న డిసెంబరులో అమ్మా నేనూ అక్కడ ఒక రాత్రి ఉన్నాం. ఉండొచ్చు. కానీ గురువారం మాత్రం ఉండకండి. శుక్రవారం మ్యూజియం సెలవు. 1904-05 తవ్వకాల్లో దొరికిన అశోకుడి నాలుగు సింహాల కోసమే నేను బయల్దేరాను. చివరికి చూసింది తాళం వేసిన గేటు. తప్పు నాదే, ముందు కనుక్కోలేదు.

గది సంగతి వేరే. బుకింగ్‌లో చూపించింది తోటవైపు కిటికీ. తీరా తెరిస్తే పక్కింటి గోడ, దాని మీద నీళ్ల ట్యాంకు. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, భోజనం బావుంది. అయినా రాత్రంతా ఆ కిటికీ మీదే గొణుగుతూ పడుకున్నాను. అమ్మ హాయిగా గురక పెట్టింది.

పొద్దున్నే ధమేక్ స్తూపం దగ్గరికెళ్లాం. పునాదితో కలిపి నలభై మీటర్లకు పైనే ఎత్తు. కింది రాళ్ల మీద గుప్తుల కాలం నాటి లతలు, ముగ్గుల్లాంటి గీతలు. ఎవరో భక్తులు అంటించిన బంగారు రేకులు గాలికి లేస్తున్నాయి. బుద్ధుడు అయిదుగురు శిష్యులకు తొలి బోధ చేసింది ఇక్కడేనంటారు. దుఃఖానికి మూలం తృష్ణ అన్నది ఆ బోధలోనిదే. పాళీలో తణ్హ, అంటే దాహం. అది మూడు రకాలట: సుఖాలు కావాలనే కామతృష్ణ, ఇలాగే ఉండాలి, ఇంకేదో అయిపోవాలి అనే భవతృష్ణ, ఇది నాకు లేకుండా పోవాలనే విభవతృష్ణ. ఈ మూడోది చదివినప్పుడు నాకు నీళ్ల ట్యాంకు గుర్తొచ్చింది.

పక్కనే 1931లో కట్టిన మూలగంధకుటి విహారం. గోడల మీద జపాన్ చిత్రకారుడు కోసెత్సు నోసు వేసిన బుద్ధుడి కథ ఉంది. బుద్ధుడి ధ్యానం చెడగొట్టబోయిన మారుడి దాడి బొమ్మ దగ్గర అరగంట నిలబడ్డాను. పాత కథల్లో మారుడి ముగ్గురు కూతుళ్లలో ఒకామె పేరు తణ్హ. స్తూపం కంటే నాకు ఈ గోడలే నచ్చాయి.

బయట బొమ్మలమ్మే కుర్రాడు ఒక చిన్న బుద్ధుణ్ణి అయిదు వందలతో మొదలుపెట్టి, ఆటో వరకూ వెంటపడి నూట యాభైకి దిగాడు. కొన్నాను. ఆటో కదిలాక, వందకే ఇచ్చేవాడేమోనని ఒకటే పీకులాట.

దారిలో జామకాయల బండి కనిపిస్తే ఆపించాను. కాశీకెళ్తే ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి కదా. కిందటిసారి అమ్మ వదిలింది కాకరకాయ. దాన్ని ఎప్పుడూ తిన్నది లేదు, నాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఈసారి పంతంకొద్దీ జామకాయ వదిలేసింది. బండివాడు కాయని నాలుగు ముక్కలు కోసి, ఉప్పూకారం రాసి కాగితంలో పెట్టిచ్చాడు.

"నువ్వు తినరా" అంది, కాగితం మీంచి చూపు తిప్పకుండా. "గింజలు గట్టిగా ఉన్నాయా?"