ఆరేళ్లు వాడాక, ఇంట్లో కట్టుకున్న వంద వాట్ల యాంప్లిఫయర్

నేను కట్టుకున్న ఈ యాంప్లిఫయర్‌కి ఆరేళ్లు నిండాయి. రోజూ మోగుతోంది. చానెల్‌కి వంద వాట్లు, స్పీకర్లు 8 ఓమ్‌లవి, అవుట్‌పుట్‌లో 5200–1943 పవర్ ట్రాన్సిస్టర్ జతలు రెండేసి. ట్రాన్స్‌ఫార్మర్ 35-0-35 వోల్టులది. ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర ప్లస్ మైనస్ 48 వోల్టులు వస్తాయి. కట్టేటప్పుడు ధ్యాసంతా వాట్ల మీదే ఉండేది. ఇన్నాళ్లు వాడాక తెలిసిందేమంటే, దీన్ని నిలబెట్టినవి బయాస్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కాస్త కరెంటు), గ్రౌండ్ వైరింగ్.

ముందు బయాస్ సంగతి. పాట లేనప్పుడు ఒక్కో 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులు పెట్టాను, అంటే ట్రాన్సిస్టర్‌కి 50 మిల్లీ ఆంపియర్లు. మొదట్లో ఆ కరెంటుని అదుపులో ఉంచే చిన్న బయాస్ ట్రాన్సిస్టర్‌ని బోర్డు మీదే వదిలేశాను. గంట మోగాక మీటరు చూస్తే 11 కాస్తా 30 దాటింది, హీట్ సింక్ మీద చెయ్యి ఆనలేదు. సిలికాన్ వేడెక్కితే బేస్–ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. దాంతో కరెంటు పెరుగుతుంది, కరెంటుతో వేడి ఇంకా పెరుగుతుంది. ఆ చిన్న ట్రాన్సిస్టర్‌ని మైకా రేకు, వేడిని అందించే పేస్ట్ వేసి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మధ్య హీట్ సింక్‌కే బిగించాక గానీ అంకె కుదురుకోలేదు.

నాలుగో ఏట ఎడమ చానెల్ బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి బయాస్ సరిచేసే చిన్న రెసిస్టర్) పాడైంది. స్క్రూడ్రైవర్‌తో తాకితే చాలు, మీటరు ఎగిరెగిరి పడేది. ప్రీసెట్‌ని బయాస్ ట్రాన్సిస్టర్ కలెక్టర్–బేస్ వైపు పెట్టడం నేను చేసిన తప్పు. అక్కడ కాంటాక్ట్ తెగితే బయాస్ ఒక్కసారిగా పైకి పోయి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. బేస్–ఎమిటర్ వైపు ఉంటే, తెగినా బయాస్ తగ్గిపోతుందంతే. ఇప్పుడు రెండు చానెళ్లలోనూ మల్టీటర్న్ (చాలా చుట్లు తిరిగే) ప్రీసెట్లు బేస్–ఎమిటర్ వైపే ఉన్నాయి. కట్టబోయేవాళ్లు సర్క్యూట్‌లో ఈ ఒక్కటీ చూసుకోండి.

ఇక గ్రౌండ్ వైరింగ్. హమ్ముతో, అంటే స్పీకర్‌లో వచ్చే జుయ్ మోతతో, రెండు వారాలు కుస్తీ పట్టాను. రెండు ఫిల్టర్ కెపాసిటర్ల నడిమి తీగలో చార్జింగ్ కరెంటు దెబ్బలు దెబ్బలుగా పారుతుంది. ఇన్‌పుట్ గ్రౌండ్‌ని అదే తీగకి కలపడంతో స్పీకర్‌లో జుయ్‌మనేది. ఆ తీగ నుంచి విడిగా ఒక పాయ తీసి, దాని చివర ఒకే బోల్టుకి స్పీకర్ రిటర్నూ ఇన్‌పుట్ గ్రౌండూ వేర్వేరుగా తెచ్చాను. ఇప్పుడు ట్వీటర్‌కి చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినిపించదు.

హీట్ సింక్ మాత్రం పెద్దదే కొనండి. ఇలాంటి క్లాస్ ఏబీ యాంప్లిఫయర్‌లో ఎక్కువ వేడి పుట్టేది ఫుల్ పవర్‌లో కాదు, దాదాపు నలభై శాతం దగ్గర. ఈ వోల్టేజ్‌కి చానెల్‌కి 60 వాట్ల దాకా వేడి పోవాలి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి వంద వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి, ఎక్కడైనా తప్పుంటే కరెంటుని అదే అడ్డుకుంటుంది, ఎల్‌ఈడీ పనికిరాదు. యాంప్లిఫయర్ పాడైతే స్పీకర్లని విడదీసే ప్రొటెక్షన్ రిలే లేకుండా మంచి స్పీకర్లు తగిలించకండి.

శబ్దం గురించి చెప్పాలంటే, తబలా దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది. ఎంత పెంచినా గొంతు గీరుకుపోదు. నాకు ప్రాణం దీనిమీదే.

పోయిన వారం అరగంట మోగించి, పాట ఆపి బయాస్ మళ్లీ కొలిచాను. ఎడమ 11.2, కుడి 10.8 మిల్లీవోల్టులు. అవుట్‌పుట్‌లో డీసీ 9 మిల్లీవోల్టులు. ఈసారి మూత తీస్తే ఫిల్టర్ కెపాసిటర్లు మారుస్తాను.