లైకా ఎం10: మొదటి వారం ఏమనుకున్నాను, నాలుగేళ్లకు ఏం తేలింది

మొదటి రోజు తీసిన నలభై మూడు ఫోటోల్లో ఫోకస్ సరిగ్గా కుదిరినవి ఆరే. ఆ లెక్క ఇంకా గుర్తుంది, ఎందుకంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగేళ్ల కిందట మా తమ్ముడు న్యూజెర్సీలో నా కోసం ఒక వాడిన లైకా ఎం10 కెమెరా కొని, స్వెట్టర్లో చుట్టి తెచ్చాడు. 2017 జనవరిలో అది కొత్తగా వచ్చినప్పుడు అమెరికాలో ధర 6,595 డాలర్లు, అదీ లెన్స్ లేకుండా. వాడినదే అయినా నేనిచ్చిన డబ్బుకు రెండు మోటార్ సైకిళ్లు వచ్చేవి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత డబ్బు పోసి పాత కెమెరా కొన్నావేంట్రా" అంది. అమ్మ తప్పేం లేదు. చూడ్డానికి అది అదే కంపెనీ నుంచి 1954లో వచ్చిన ఫిలిం కెమెరా ఎం3కి తోడబుట్టినట్టే ఉంటుంది. అప్పటి లెన్సులు కూడా దాదాపు అన్నీ దీనికి పడతాయి. లోపల మాత్రం 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, అంటే పాత రీలు గడి అంత పెద్దది.

ఎం10 రేంజ్‌ఫైండర్ కెమెరా. అలాంటిది ఎప్పుడూ పట్టుకోనివాళ్ల కోసం రెండు మాటలు. ఇందులో మనం లెన్స్‌లోంచి చూడం. కెమెరా ఎడమ మూలన ఉన్న చిన్న అద్దాల కిటికీలోంచి చూస్తాం. దాని మధ్యలో ఒక చిన్న వెలుగు గడి ఉంటుంది, ప్యాచ్ అంటారు. ఏడు సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఇంకో కిటికీ చూసే బొమ్మ కూడా ఆ గడిలోనే పడుతుంది. అందుకే మనిషి మొహం అక్కడ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పుతూ పోతే రెండూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. కలిశాయంటే ఫోకస్ కుదిరినట్టే. మన రెండు కళ్లు దూరాన్ని పోల్చుకునే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఆటోఫోకస్ లేదు, వీడియో లేదు. వెనక మూడే బటన్లు. ఐఎస్‌వో (వెలుతురుకి సెన్సర్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) కోసం పైన ఒక చక్రం, దాన్ని కాస్త పైకి లాగి తిప్పాలి.

మొదటి వారం నేను మురిసిపోయిందంతా వస్తువును చూసే. ఇత్తడి పైకప్పు బరువు, లోపల ఎగిరే అద్దం లేని షట్టర్ చేసే చిన్న చప్పుడు, ముందటి మోడల్ కన్నా 4 మిల్లీమీటర్లు తగ్గిన మందం. ఇప్పుడు ఆలోచిస్తే అవేవీ ఫోటోకి పనికొచ్చేవి కావు. ఆరు నెలలకల్లా ఆ మురిపెం తీరిపోయింది. భయపడిందేమో ఫోకస్ గురించి. అదీ రెండు నెలల్లో చేతికొచ్చేసింది. నా 35 ఎంఎం లెన్స్‌కి కింద వేలు ఆనించే చిన్న కొమ్ము ఉంది. ఆ కొమ్ము ఏ వైపుకి ఉందో తడిమి చూస్తే మనిషి ఎంత దూరంలో ఉంటే బొమ్మ స్పష్టంగా పడుతుందో ఇప్పుడు నాకు చూడకుండానే తెలుస్తుంది. ఎండలో అయితే అది కూడా అక్కర్లేదు. లెన్స్ కంతని ఎఫ్8కి చిన్నది చేసి, ఫోకస్ రెండున్నర మీటర్ల దగ్గర వదిలేస్తే దాదాపు 1.7 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. బజారులో తిరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు సంగతి నేను ఊహించని చోట ఉంది. ఆ కిటికీలో ఫోటో హద్దులు తెల్లటి గీతలుగా కనిపిస్తాయి. గీతల బయట కూడా లోకం కనిపిస్తూనే ఉంటుంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఒక పొద్దున కనకాంబరాలు మూరలు వేస్తున్న ఆమెను తీస్తున్నాను. గీతలకి ఎడమ పక్కన, ఇంకా ఫోటోలోకి రాని జాగాలో, కొత్తిమీర కట్టలు నెత్తిన పెట్టుకుని ఒకాయన వస్తున్నాడు. ఆగాను. ఆయన కాలు గీత దాటగానే నొక్కాను. లెన్స్‌లోంచే చూపించే నా పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో అయితే ఆయన వచ్చేసిన తర్వాతే కనిపించేవాడు, అప్పటికి వేలు ఆలస్యం. ఇంకొకటి, ఈ కెమెరా చూసి జనం బెదరరు. పెద్దవాళ్లయితే దగ్గరికొచ్చి "రీలు ఇంకా దొరుకుతోందా బాబూ?" అని అడుగుతారు. దొరుకుతోందని చెప్పేస్తాను, నిజమే కదా.

ఆ గీతల్ని మరీ నమ్మకూడదు. అవి రెండు మీటర్ల దూరానికి సరిపోయేలా గీసినవి. దూరంగా ఉన్న గోపురం తీస్తే గీతల్లో కనిపించినదానికన్నా చుట్టూ ఎక్కువ వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి ఎం10 కిటికీ పాతవాటి కన్నా చాలా నయం. అయినా ఇంకా వెడల్పుగా తీసే 28 ఎంఎం లెన్స్ గీతలు చూడాలంటే నేను కన్ను నాలుగు మూలలకీ తిప్పాల్సిందే. అందుకే 35 దగ్గర ఆగిపోయాను.

ఇక నా బుద్ధి తక్కువ పనులు. లెన్స్‌లోంచి చూడం కాబట్టి లెన్స్ మీద మూత ఉన్నా లోకం చక్కగానే కనిపిస్తుంది. మా పిన్ని కొడుకు పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి నాలుగు ఫోటోలు తీశాను. నాలుగూ అమావాస్యే. వెలుతురు చాలదని కిటికీలో ఎర్ర బాణం చెబుతూనే ఉంది, నేనే చూసుకోలేదు. ఆ రోజు నుంచి మూత ఇంట్లోనే ఉంటోంది.

రెండోది ఇంకా ఖరీదైనది. ఏడాది పాటు కెమెరాని స్కూటర్ డిక్కీలో వేసుకుని ఊళ్లు తిరిగాను. ఒక దశలో ప్యాచ్‌లో బొమ్మలు శుభ్రంగా కలిసేవి, ఫోటోలో మాత్రం కళ్లు మసక, చెవులు స్పష్టం. ముందు నా చూపు మీద అనుమానపడి కళ్లద్దాలు మార్చాను, మూడు వేలు పోయాయి. తర్వాత బుద్ధొచ్చి వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేసి తీస్తే అన్నీ బాగానే వచ్చాయి. అంటే లెన్స్ బాగుంది, దూరం కొలిచే యంత్రమే పక్కకి జరిగింది. కోఠిలో ఫిలిం రోజుల నుంచి రిపేర్లు చేస్తున్న ఒక పెద్దాయన లెన్స్ తీసి, లోపల పైన ఉన్న చిన్న చక్రాన్ని చూపించి, "బండి మీద తిప్పుతున్నరా సార్?" అన్నాడు. అరగంటలో సరిచేశాడు. రేంజ్‌ఫైండర్ అంటే కదిలే మీటలూ పుల్లలూ ఉన్న పనిముట్టు, గతుకులు దానికి పడవు. ఇప్పుడు భుజానే.

మీటలతో, సర్దుబాట్లతో నాకేం పేచీ లేదు. నాకున్న ఒకే ఒక్క కష్టం డెబ్బై సెంటీమీటర్లు. ఈ యంత్రం అంతకన్నా దగ్గరి దూరాన్ని కొలవలేదు. అంటే మూరన్నర. నా వోయిట్‌లాండర్ కంపెనీ లెన్స్ 58 సెంటీమీటర్ల దాకా వస్తుంది గానీ, ఆ చివరి కాస్త దూరంలో ప్యాచ్ కదలదు, వెనక స్క్రీన్ చూసి తీయాల్సిందే. వీధిలో ఇది పట్టించుకోవాల్సిన సంగతే కాదు. ఇంట్లో పాప పుట్టాక తెలిసింది. ఒళ్లో ఉన్న బిడ్డ మొహం మూరన్నర లోపలే ఉంటుంది. మా అమ్మాయి మొదటి ఏడాది దగ్గరి ఫోటోలన్నీ ఫోన్లో తీసినవే. ఇంత డబ్బు పోసినవాణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మిగతావి చిన్నవి. కార్డు తీయాలన్నా బ్యాటరీ మార్చాలన్నా అడుగున ఉన్న రేకు మొత్తం ఊడదీయాలి. దాన్ని నోట కరుచుకుని కార్డు మార్చడం అలవాటైపోయింది. కంపెనీ చెప్పే లెక్క బ్యాటరీకి సుమారు 210 ఫోటోలు. స్క్రీన్ చూడకపోతే నాకు అంతకన్నా బాగా ఎక్కువే వస్తాయి, అయినా రెండోది జేబులో ఉండాలి. వెలుతురు తక్కువైనా ఐఎస్‌వో 6400 దాకా పెంచడానికి నాకు దిగుల్లేదు.

2022లో వచ్చిన ఎం11లో ఆ రేకు తీసేశారు, 60 మెగాపిక్సెళ్లు పెట్టారు. అది తీసుకోమని తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా పోరుతున్నాడు. అందులోనూ ప్యాచ్ ఆ డెబ్బై దగ్గరే ఆగుతుంది కాబట్టి నాకు మనసు పోవడం లేదు.

వాడిన ఎం10 కొనాలనుకునేవాళ్లు డబ్బిచ్చే ముందు ఒక రాత్రి ఆగండి. లెన్స్ రింగుని అనంతం గుర్తు దాకా పూర్తిగా తిప్పి, ప్యాచ్‌ని చందమామ మీద పెట్టి చూడండి. రెండు చందమామలు కనిపిస్తే బేరం తగ్గించండి.