డెల్ మార్ గుర్రాలకు ఒక దండం, ఆ మోటెల్‌కు వంద

అమెరికాలో ఏటా జరిగే పెద్ద గుర్రపు పందేలు, బ్రీడర్స్ కప్, చూడ్డానికి వెళ్లేవాళ్లకు నా మొదటి సలహా: రేస్‌కోర్సు పక్కన గది తీసుకోకండి. కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో 2025 పోటీలకు మేం దిగిన మోటెల్ పేరు చెప్పను గానీ, ఆన్‌లైన్‌లో రాత్రికి 329 డాలర్లు చూపించి, తీరా కౌంటర్ దగ్గర రోజుకు ఇంకో 45 ‘రిసార్ట్ ఫీజు’ అన్నారు. రిసార్ట్ అనడానికి అక్కడున్నది ఈత కొలను ఒక్కటే. అందులో నీళ్లు లేవు. అడుగున ఒక ప్లాస్టిక్ కుర్చీ బోర్లా పడి ఉంది.

కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చట్టం ఉంది: ప్రభుత్వ పన్నులు తప్ప, తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులన్నీ ముందు చూపించే ధరలోనే కలిపి ఉండాలి. ఆ మాటే అడిగితే కౌంటర్‌లో కుర్రాడు స్క్రీన్ మీంచి తలెత్తకుండా, ‘ఇష్టం లేకపోతే క్యాన్సిల్ చేసుకోండి, డబ్బు మాత్రం వెనక్కి రాదు’ అన్నాడు. రాత్రి పదకొండు. వెనకాల మామయ్య, అత్తయ్య సూట్‌కేసుల మీద కూర్చున్నారు. కట్టేశాను. కానీ ఫీజు విడిగా కనిపించేలా రసీదు రాయించుకున్నాను, బుకింగ్ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మీరూ ఇదే చేయండి, అక్కడ గొంతు చించుకుని లాభం లేదు.

గదిలో ఏసీ రాత్రంతా గడగడలాడింది. ‘మలక్‌పేట రేసులకు ఆటోలో పోయి ఆటోలో వచ్చేవాణ్ణిరా, ఈ డబ్బుతో గుర్రంలో వాటా వచ్చేది’ అని మామయ్య ఒకటే నస.

శుక్రవారం రెండేళ్ల గుర్రాల రేసులు, చల్లటి గాలి, ఏ ఇబ్బందీ లేదు.

శనివారం, నవంబర్ 1న అసలు సంబరం. 1984లో ఒక్కరోజు పోటీగా మొదలైన బ్రీడర్స్ కప్ 2007 నుంచి రెండు రోజులు జరుగుతోంది. మొత్తం 14 రేసులు. అందరూ ఎదురుచూసేది క్లాసిక్ కోసం: మట్టి ట్రాక్ మీద మైలుంపావు, ప్రైజ్ మనీ 70 లక్షల డాలర్లు. ఆ ఏడాది కెంటకీ డెర్బీ అనే పేరున్న రేసు గెలిచిన గుర్రం సావరెన్టీ జ్వరంతో తప్పుకుందని తెలిసి మామయ్య ముఖం సగం వాడిపోయింది. బుకీలు లేరని తెలిశాక మిగతా సగమూ వాడింది. ఇక్కడ అంతా టోటే, అంటే అందరి పందెం డబ్బూ ఒకచోట కలిపి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి. బుకీ దగ్గర మనం పట్టుకున్న రేటు మనదే. టోట్‌లో గేటు తెరుచుకునే దాకా రేటు మారుతూనే ఉంటుంది. ‘బేరమాడే మనిషే లేనప్పుడు ఇదేం రేస్‌కోర్సు’ అని గొణుక్కుంటూనే సియెర్రా లియోన్ అనే గుర్రం మీద 20 డాలర్లు విన్ (మొదటి స్థానానికి) కట్టాడు. 2024లో ఇదే ట్రాక్ మీద క్లాసిక్ గెలిచింది అదే మరి.

డబ్బులన్నీ గిట్టుబాటైంది ప్యాడాక్ దగ్గరే, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపించే చోట. రెయిలింగ్‌ను ఆనుకుని నిలబడితే గుర్రం మెడ మీద ఉబ్బిన నరాలు, కళ్లెం కింద చెమట నురగ కనిపిస్తాయి. మామయ్య అక్కడ మాట్లాడ్డం మానేశాడు. స్టాండ్స్‌లో ఖరీదైన సీటు కొనేకన్నా పొద్దున్నే వచ్చి ఇక్కడ చోటు పట్టుకోండి.

క్లాసిక్‌లో జపాన్ గుర్రం ఫరెవర్ యంగ్ ముందే పైచేయి సాధించింది. సియెర్రా లియోన్ అలవాటు ప్రకారం వెనకనుంచి దూసుకొచ్చింది గానీ అర లెంగ్త్ (గుర్రం పొడవులో సగం) తేడాతో రెండోదైంది. జపాన్‌లో శిక్షణ పొందిన గుర్రం క్లాసిక్ గెలవడం ఇదే మొదటిసారి. జాకీ ర్యూసెయ్ సకాయ్, ట్రైనర్ యొషితో యహగి. పక్కనున్న జపాన్ కుటుంబం ఏడుస్తూ కౌగిలించుకుంటే మామయ్య కూడా చప్పట్లు కొట్టాడు, చేతిలో చెల్లని టికెట్టుతోనే.

అత్తయ్యకు మాత్రం కార్తీకమాసం, పైగా ఏకాదశి. లోపల ఎటు చూసినా బర్గర్లే, ఆకలితో మాటామంతీ లేదు. బయటికొస్తే పొద్దున 13 డాలర్లకు తెచ్చిన ట్యాక్సీ యాప్ 58 అడిగింది. ఆ కోపంలో కొంత దూరం నడిస్తే గొడుగు కింద ఓ మెక్సికన్ ఆవిడ పండ్ల బండి. మామిడి, పుచ్చకాయ, దోసకాయ నిలువుగా కోసి, నిమ్మకాయ పిండి, పైన కారం చల్లింది. కప్పు 10 డాలర్లు. స్కూలు గేటు దగ్గర ఉప్పూకారం జామకాయల్లా ఉందంటూ అత్తయ్య రెండు కప్పులు తింది. ఈ ట్రిప్‌లో ఇంతకన్నా మంచి తిండి దొరకలేదు. తినేలోపు ట్యాక్సీ 31కి దిగింది.

డెల్ మార్‌కు మళ్లీ వెళ్తే ఓషన్‌సైడ్ వైపు ఉంటాను, కోస్టర్ రైల్లో సోలానా బీచ్‌లో దిగితే ట్రాక్ దగ్గరే. 2026 పోటీలు మాత్రం కెంటకీలోని కీన్‌లాండ్‌లో, అక్టోబర్ 30, 31న.

రసీదు, స్క్రీన్‌షాట్ పంపాక కార్డు కంపెనీవాళ్లు ఆ రిసార్ట్ ఫీజు 90 డాలర్లు వెనక్కి వేశారు. అందులో తన 20 డాలర్ల టికెట్టు డబ్బులు ఇవ్వమని మామయ్య ఇప్పటికీ అడుగుతున్నాడు.