అద్దంలా ఉండే థెరపిస్టు, పాలుపంచుకునే థెరపిస్టు

తిరుపతిలో కొండకెళ్లొచ్చినవాళ్లు తెలిసినవాళ్ల చేతిలో లడ్డూ ప్రసాదం పెడతారు. థెరపీకొచ్చిన మనిషీ అలాగే పొట్లం విప్పి "తీసుకోండి మేడమ్" అంటే థెరపిస్టు ఆవిడ ఏం చేయాలి? మాటల ద్వారా మనసు లోతుల్ని తెలుసుకునే చికిత్స మనోవిశ్లేషణ. అందులో రెండు ధోరణుల తేడా ఇక్కడే తెలుస్తుంది.

మొదటిది మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌ది. డాక్టర్ అద్దంలా ఉండాలని, రోగి చూపించిందే తిరిగి చూపించాలని 1912లో రాశారు. థెరపిస్టు సొంత విషయాలు బయటపెట్టరు. అప్పుడు రోగికి అమ్మానాన్నల మీదున్న కోపం, ప్రేమ, భయం ఆవిడ మీదికి మళ్లుతాయి. దీన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఇక్కడ లడ్డూ అందుకోకముందే "ఇవ్వాలని ఎందుకనిపించింది?" అన్న ప్రశ్న వస్తుంది.

రెండోదానిలో థెరపిస్టు మనసూ లెక్కలోకొస్తుంది. రోగి వల్ల థెరపిస్టులో కలిగే భావాలు రోగిని అర్థం చేసుకునే సాధనమని మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ 1950లో వాదించారు. ఈ దారిలో నడిచే మేడమ్ ప్రసాదం కళ్లకద్దుకుంటారు. కాసేపయ్యాక, "పోయినవారం నేను రాలేదు. మీకు కోపమొచ్చిందేమోనని నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది. ఇవాళ ప్రసాదం తెచ్చారు. మనిద్దరి మధ్య ఏం జరుగుతోందంటారు?" అని అడుగుతారు. కోపం నోటితో చెప్పడానికి ఆ మనిషికి అక్కడ దారి దొరుకుతుంది.

మన ఊరివాళ్లకు రెండోదే మేలని నా గట్టి నమ్మకం. "తిన్నారా మేడమ్?" అంటే పలకని మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లబుద్ధి కాదు. ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మార్చుకునే అలవాటున్నవాళ్లకు మాత్రం మొదటిది పనికొస్తుంది. ఏదైనా సరే టైము, ఫీజు, గోప్యత కచ్చితంగా ఉండాలి. పెళ్లి పిలుపులు, చేబదుళ్లు ఉండకూడదు. మొదటి రోజే "మీ మీద కోపమొస్తే మీకే చెప్పొచ్చా?" అని అడిగి చూడండి.