మెసేజ్‌లకు ఆటో రిప్లై: ఐఫోన్, టాస్కర్, వాట్సాప్ బిజినెస్‌లలో ఏది ఎంతవరకు పనికొస్తుంది

చేతులు ఖాళీ లేనప్పుడు ఫోనే మన తరఫున జవాబు పంపేలా పెట్టుకోవడం పావుగంట పని. కష్టమంతా ఆ జవాబు ఎవరికి వెళ్ళకూడదో, ఒక్కొక్కరికి ఎన్నిసార్లు వెళ్ళాలో చెప్పడంలో ఉంది. ఈ సమీక్షలో ప్రతి సాధనాన్నీ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాం.

ఐఫోన్‌లో మెసేజ్‌లకు నేరుగా ఆటో రిప్లై ఉన్నది డ్రైవింగ్ ఫోకస్‌లో (బండి నడిపేటప్పుడు నోటిఫికేషన్లు ఆపి ఉంచే ఏర్పాటు) మాత్రమే. స్లీప్, వర్క్ లాంటి మిగతా ఫోకస్‌లు నోటిఫికేషన్లు ఆపి ఉన్నాయన్న సంగతిని ఐమెసేజ్ వాడేవాళ్ళకు చూపిస్తాయి, అంతే. మామూలు ఎస్ఎంఎస్ పంపినవాళ్ళకు అదీ కనిపించదు. సెట్టింగ్స్‌లో ఫోకస్, అందులో డ్రైవింగ్, అందులో ఆటో-రిప్లై తెరిస్తే ఎవరికీ వద్దు, రీసెంట్స్, ఫేవరెట్స్, ఆల్ కాంటాక్ట్స్ అని నాలుగు దారులుంటాయి. మా ఓటు ఫేవరెట్స్‌కే. ఈ జాబితా ఫోన్ యాప్‌లోది కాబట్టి ముందు అక్కడ పేర్లు సరిచూసుకోండి. ఫేవరెట్స్‌లో ఉన్నవాళ్ళు జవాబు అందాక ‘అర్జెంట్’ అనే ఇంగ్లీషు మాటను తిరిగి పంపితే నోటిఫికేషన్ మోగుతుంది. నిజంగా అవసరంలో ఉన్న మనిషికి ఇలా తలుపు తెరిచి ఉంచడం దీనిలోని గొప్ప గుణం. మేము చూసిన మిగతా వేటిలోనూ ఇది సిద్ధంగా దొరకదు, మనమే కట్టుకోవాలి.

ఆన్ అయ్యే పద్ధతి దగ్గర జాగ్రత్త. ‘ఆటోమేటిక్’ ఎంచుకుంటే ఫోన్ కదలికను బట్టి ఊహిస్తుంది. బస్సులో వెనక సీట్లో కూర్చున్నా బండి నడుపుతున్నారని జవాబు వెళ్ళిపోవచ్చు. కారు బ్లూటూత్‌కు కలిసినప్పుడు ఆన్ అయ్యేలా పెడితే ఈ తప్పు చాలావరకు పోతుంది. మీటింగుల కోసం కావాలంటే జవాబు పాఠం మార్చి, ఇదే ఫోకస్‌ను కంట్రోల్ సెంటర్ నుంచి చేత్తో ఆన్ చేసుకోవచ్చు. పని అయ్యాక పాఠాన్ని మళ్ళీ మార్చడం మాత్రం మరవకూడదు.

డ్రైవింగ్ కాకుండా వేరే వేళల్లో కావాలంటే, ఐఫోన్‌లోనే పనులను వరుసగా కట్టి తనంతట జరిగేలా చేసే షార్ట్‌కట్స్ యాప్ ఉంది. ఐఓఎస్ 17 లేదా ఆ తర్వాతిది ఉంటే మంచిది. ఆటోమేషన్ ట్యాబ్‌లో ప్లస్ నొక్కి, మెసేజ్ ఎంచుకుని, ‘రన్ ఇమ్మీడియట్లీ’ పెట్టాలి. తర్వాత ఏ ఫోకస్ ఆన్‌లో ఉందో చూసే ‘గెట్ కరెంట్ ఫోకస్’, దాని కింద షరతు పెట్టే ‘ఇఫ్’, లోపల ‘సెండ్ మెసేజ్’. గ్రహీత గడిలో షార్ట్‌కట్ ఇన్‌పుట్ పెట్టి, దాన్నే మళ్ళీ తాకి ‘సెండర్’ ఎంచుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మెసేజ్ రాసే పేజీని చూపించే స్విచ్ కూడా ఆపాలి, లేకపోతే ఫోన్ మన వేలి కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది.

ఎవరు పంపినా పనిచేయాలంటే ‘మెసేజ్ కంటెయిన్స్’ గడిలో ఒక్క స్పేస్ కొట్టే చిట్కా బాగా వాడుకలో ఉంది. మేము దాన్ని వద్దంటాం. ‘ఎక్కడ?’ అని ఒక్క మాటలో అడిగితే అందులో స్పేస్ ఉండదు, జవాబూ పోదు. ఓటీపీలో మాత్రం స్పేసులు బోలెడు, దానికి జవాబు పోతుంది. అక్షరాల పేరుతో వచ్చే అలాంటి మెసేజ్‌లకు తిరుగు జవాబు అందదు, ఊరికే విఫలమవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, అవతలి ఫోన్‌లోనూ ఆటో రిప్లై ఉంటే రెండూ ఒకదానికొకటి ఆగకుండా జవాబిచ్చుకోవడం. ఎవరికి జవాబు వెళ్ళిందో షార్ట్‌కట్స్ తనంతట గుర్తుంచుకోదు. అందుకే ‘మెసేజ్ కంటెయిన్స్’తో పాటు ఉండే సెండర్ గడిలో ఓ పదిమంది పేర్లు పెట్టి అక్కడితో ఆపడం మేలు.

ఆండ్రాయిడ్‌లో పూర్తి పట్టు కావాలనుకునేవాళ్ళకు టాస్కర్ యాప్. ఏది జరిగితే (ఈవెంట్) ఏం చేయాలో (యాక్షన్) అందులో మనమే చెబుతాం. ఈవెంట్‌లో ఫోన్, ‘రిసీవ్డ్ టెక్స్ట్’. యాక్షన్‌లో ఫోన్, ‘సెండ్ ఎస్ఎంఎస్’. నంబర్ గడిలో శాతం గుర్తు పెట్టి ఎస్ఎంఎస్ఆర్ఎఫ్ అనే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) రాయాలి, వచ్చిన నంబరు అందులో ఉంటుంది. జవాబు వెళ్ళిన ప్రతి నంబరునూ ‘వేరియబుల్ సెట్’లో అపెండ్ (పాతదాని చివర చేర్చడం) టిక్ చేసి, చివర కామాతో ఒక గ్లోబల్ వేరియబుల్‌లో, అంటే అన్ని టాస్క్‌లకూ కనిపించేదానిలో, దాచండి. పంపే ముందు ఆ నంబరు జాబితాలో లేదన్న షరతు పెట్టండి. దీంతో ఒక మనిషికి ఒక్కసారే వెళ్తుంది, ఆగని సంభాషణల బెడద ఉండదు. మనం తిరిగి అందుబాటులోకి రాగానే ఆ వేరియబుల్‌ను ఖాళీ చేసే టాస్క్ కూడా కట్టుకోవాలి. లేకపోతే మర్నాడు పాతవాళ్ళెవరికీ జవాబు పోదు.

టాస్కర్ పనిచేయడం లేదన్నప్పుడు ముందు చూడాల్సింది ఆర్‌సీఎస్, అంటే ఎస్ఎంఎస్‌కు బదులు ఇంటర్నెట్ మీద వచ్చే చాట్ మెసేజ్‌లు. గూగుల్ మెసేజెస్‌లో చాట్ ఫీచర్లు ఆన్‌లో ఉంటే ఆ మెసేజ్‌లు ఎస్ఎంఎస్‌గా రావు, టాస్కర్ వాటిని చూడనే చూడదు. ఆ తర్వాత బ్యాటరీ. యాప్ సమాచారంలో బ్యాటరీని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి ఫోన్ దాన్ని నిద్రపుచ్చవచ్చు. రెండు సిమ్‌లుంటే జవాబు ఏ సిమ్ నుంచి పోతోందో చూడండి. తెలియని నంబరు నుంచి వచ్చిన జవాబు అవతలివారిని కంగారు పెడుతుంది.

వాట్సాప్ జవాబులు పంపే చిన్న యాప్‌లు నోటిఫికేషన్‌లోని రిప్లై బటన్‌ను వాడుకుంటాయి. చాట్ తెరిచి ఉన్నా, నోటిఫికేషన్ రాకపోయినా అవి మౌనమే. పైగా వచ్చిన ప్రతి నోటిఫికేషన్‌నూ చదివే అనుమతి వాటికి ఇవ్వాలి. మాకు అది పెద్ద మూల్యంగానే అనిపిస్తుంది.

వ్యాపారం నడిపేవాళ్ళకు వాట్సాప్ బిజినెస్‌లోని ‘అవే మెసేజ్’ (Away message, మనం అందుబాటులో లేనప్పుడు వెళ్ళే జవాబు) చాలు. బిజినెస్ టూల్స్‌లో ఉంటుంది. ఎప్పుడూ పంపాలా, చెప్పిన వేళల్లోనా, పని గంటలు దాటాకా అన్నది ఎంచుకోవచ్చు. మూడోదానికి ప్రొఫైల్‌లో పని గంటలు ముందే నింపాలి. అడ్రస్ బుక్‌లో లేనివాళ్ళకు మాత్రమే, ఫలానావాళ్ళకు తప్ప అని వేరుచేయడం ఇందులో సులువు. ఫోన్‌కు ఇంటర్నెట్ లేకపోతే మాత్రం ఏదీ వెళ్ళదు, విమానంలో ఉన్నప్పుడు దీన్ని నమ్ముకోవద్దు. అందులోనే ఉండే గ్రీటింగ్ మెసేజ్ (పలకరింపు) వేరే సంగతి: మొదటిసారి రాసినవాళ్ళకు, 14 రోజులు మాటల్లేక మళ్ళీ రాసినవాళ్ళకు అది వెళ్తుంది.

ఇక జవాబు పాఠం. తెలుగులో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 70 గుర్తులు, ఇంగ్లీషులో 160. ఒక్క తెలుగు అక్షరం కలిసినా మొత్తం 70 లెక్కకు మారుతుంది. గుణింతం, పొల్లు, సున్నా దేనికది విడిగా లెక్క: ‘నేను’ అంటే 4. 70 దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోయి, ఎస్ఎంఎస్ ఛార్జీ ఉన్నచోట రెండింతలు పడుతుంది. ‘బండి నడుపుతున్నాను. 7 తర్వాత చూస్తాను. అత్యవసరమైతే కాల్ చేయండి.’ ఇది 63. ముందు ‘దయచేసి’ చేర్చి ఒక ఖాళీ వదిలితే సరిగ్గా 70. చివర ఎమోజీ పెడితే మాత్రం రెండో మెసేజ్ మొదలవుతుంది. కాల్ చేయమని రాసినప్పుడు కాల్స్ మోగేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఊరెళ్ళామని, ఇల్లు తాళం వేసి ఉందని తెలిసే మాట అందులో రాయకండి.

వాడే ముందు రోజు ఇంకో ఫోన్ నుంచి నాలుగు మెసేజ్‌లు పంపి చూడాలి. ఒకటి ఒంటి మాట, ఒకటి వాక్యం, ఒకటి కాంటాక్ట్స్‌లో లేని నంబరు నుంచి. వెంటనే అదే నంబరు నుంచి మరొకటి పంపితే రెండోసారి జవాబు పోతోందో లేదో తేలుతుంది. ఫోన్ లాక్‌లో పెట్టి, స్క్రీన్ ఆరాక పది నిమిషాలు ఆగి పంపండి.